కాంప్లికేటెడ్ అంట మా ఇల్లు!

ప్రమోషన్ ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే అన్నరని, ఈ వయసుల దిల్‌సుఖ్‌నగర్‌ల స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోయిన. మా ఇంటి ఫ్రిజ్ కంటే వయసుల చిన్నోడైన కోస్తా సారు, "మీ ఫ్యామిలీ గురించి చెప్పండి" అన్నడు. నా భార్య మా అక్క బిడ్డ, అంటే అక్కే నాకు అత్త, మా అమ్మ నా భార్యకు అమ్మమ్మా, అత్తా రెండూ అని బిందెడు చెమట కార్చి ఇంగ్లీషుల చెప్పిన.

"కాంప్లికేటెడ్!" అని నవ్విండు. అంతటితో ఊకున్నడా? చిక్కుకు ఇంగ్లీషుల ఎన్ని పేర్లున్నయో చెప్తనని ఎంటాంగిల్డ్, కన్వల్యూటెడ్, ఇంటర్‌ట్వైన్డ్ అని బోర్డు నిండా రాసిండు. క్లాసు క్లాసంతా మా ఇంటిని నోట్సుల ఎక్కించుకున్నరు!

ఎల్బీనగర్‌ల ఇంటికి చేరేసరికి నా నెత్తి మీద బియ్యం పోస్తే ఉడుకుతయి. సంగతి వినంగనే, బిడ్డకు, అదే నా భార్యకు, జడ అల్లుతున్న అక్క గయ్యిమన్నది. "చిక్కువడ్డది వేరు, అల్లింది వేరు. గది గూడ ఎరుకలేనోడు సారేందిరా? పోయి అడుగు!"

తెల్లారి పోయి ఇంగ్లీషులోనే అడిగిన. నా గొంతుకు సైదాబాద్ కుక్కలు గూడ ఉలిక్కిపడి ఉంటయి. ఒక్క మాటకూ తడుముకోలేదు.

"ఇంటర్వ్యూకి మీరు రెడీ అండీ" అన్నడు సారు, బిత్తరపోయి.

బోర్డు మీద మా ఇల్లు ఇంకా అట్లనే ఉన్నది. డస్టర్ గుంజుకొని నేనే తుడిచిన.