పుల్లని నమ్మని బావ

మా బావ పుల్లని నమ్మడు. మనుషుల్ని నమ్ముతాడు, మబ్బుల్ని నమ్ముతాడు, ఆఖరికి మా అక్క వంటని కూడా నమ్ముతాడు. పుల్ల కనిపిస్తే మాత్రం ఆగిపోయి, వేలితో మెల్లగా తట్టి, కదులుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. తేయాకు తోటలో పురుగుల్ని కనిపెట్టడం ఆయన పని. ఆ తోటకి ఒక రెక్కల పురుగు పీడ ఉంది. దాని పిల్లలు ఆకంతా నమిలేసి చెట్లని మోడు చేస్తాయి. అలికిడైతే చాలు, కొమ్మని పట్టుకుని నిటారుగా బిగుసుకుపోతాయి. అచ్చం ఎండుపుల్లే!

ఆ అనుమానం ఇంటిదాకా వచ్చింది. అక్క చీపురు పట్టుకోగానే, "ఆగవే, అందులో ఒక పుల్ల తేడాగా ఉంది" అనేవాడు.

"తేడా చీపుర్లో లేదులెండి" అనేది అక్క.

ఓసారి మేనేజరుగారు భోంచేసి తీరిగ్గా పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నారు. "సార్, తీసేయండి! కదిలింది!" అని బావ ఒక్క కేక పెట్టాడు. ఆయన పుల్లనీ తీసేశారు, బావనీ తీసేయబోయారు. అక్క వెళ్లి బతిమాలుకుంటే ఆగారు.

ఆ వానాకాలంలో ఆకు కోతకి నిండు నెలలతో ఒకమ్మాయి వచ్చింది. ఆవేళ అందరికీ కొండ పైవాలులో కోత వేశారు. నిట్టనిలువు దారి, జారుడు నేల. ఆ అమ్మాయి బుట్ట తగిలించుకుని నోరెత్తకుండా బయల్దేరింది. అంతలో పైనుంచి బావ చేతులూపుతూ అరిచాడు.

"ఎవరూ ఎక్కకండి! పురుగు పడింది! అందరూ కింద చదునులోనే కోయండి!"

మేనేజరు ఆయాసపడుతూ పైకెక్కారు. ఆ తోటలోనే ఆకు తూచే పని నాది; అది వదిలేసి వెనకే నేనూ ఎక్కాను. బావ గంభీరంగా ఒక పుల్ల చూపించాడు.

"కదలట్లేదేమయ్యా?"

"అదే సార్, దాని తెలివి!"

నేను ఊరుకోలేక పట్టుకున్నాను. పుటుక్కున విరిగింది. "బావా, ఇది పుల్లే!" అన్నాను చెవిలో.

"పుల్లేదో పురుగేదో తెలీకుండానే ఇన్నాళ్లూ ఉద్యోగం చేస్తున్నానట్రా? ఆ పిల్ల ఈ కొండెక్కగలదా? నోర్మూసుకో."

బావ రహస్యం చెబితే నాలుగు వీధులకి వినిపిస్తుంది. మేనేజరు నా చేతిలోని రెండు ముక్కల్నీ చూశారు. తర్వాత కిందికి చూశారు. చదునులో ఆ అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుని, పక్కావిడ ఏదో అంటే నవ్వుతోంది.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఈ పురుగు ఆ అమ్మాయి కాన్పుకి వెళ్లేదాకా ఉంటుందా?"

"ఉంటుంది సార్," అన్నాడు బావ. "చాలా మంచి పురుగు."