మళ్ళీ తూచే మా బాబాయి

మా బాబాయి దేన్నీ మొదటిసారి నమ్మడు. తెల్లారిందంటే నమ్మడు. కిటికీ తెరిచి చూసి, మూసి, ఇంకోసారి తెరుస్తాడు. ఆకలేస్తోందని సొంత కడుపు చెప్పినా సరే, "మళ్ళీ చూద్దాం" అని కాసేపు ఆగుతాడు. వీధిలో ఆయన పేరు 'మళ్ళీచూడు'. ఆ పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకడు. ఇంకోసారి పిలిస్తే పలుకుతాడు.

ఇది వృత్తి తెచ్చిపెట్టిన రోగమంటుంది మా పిన్ని. బాబాయికి కాటాలు బాగుచేసే కొట్టుంది. కూరగాయలవాళ్ళవి, పాత ఇనుము కొనేవాళ్ళవి, నగల షాపులవి, బజార్లో ఉన్న కాటాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన బల్ల మీద బోర్లా పడుకోవాల్సిందే. కాటాలన్నీ అబద్ధాలాడతాయనీ, కొన్ని చిన్నవి ఆడితే కొన్ని పెద్దవి ఆడతాయనీ ఆయన నమ్మకం. అందుకే ఎక్కడికెళ్ళినా ప్యాంటు జేబులో అరకిలో తూకం రాయి ఉంటుంది. ఆ బరువుకి ప్యాంటు ఒకవైపే జారుతుంటే, ఎవరికో దారి ఇస్తున్నవాడిలా పక్కకి ఒరిగి నడుస్తాడు.

కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు పిల్ల బరువు చెప్పిందట. బాబాయి పరుగున కొట్టుకెళ్ళి తన కాటా మోసుకొచ్చాడు.

"మా కాటా తప్పంటారా?" అని నర్సు నడుం మీద చెయ్యేసుకుంది.

"మంచిదేనమ్మా. పొద్దుట్నుంచీ ఎంతమందిని మోసిందో, అలిసిపోయుంటుంది కదా!"

రెండు కాటాలూ ఒకే బరువు చూపించాయి. రెండూ ఒకేలా పాడైపోయాయేమోనని బాబాయి చాలా రోజులు బెంగపెట్టుకున్నాడు.

నా చదువు మధ్యలో ఆగిపోయాక నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. బుడ్డిదానికి, అంటే ఆ కూతురికి, జడలు వెయ్యడం, బడికి తీసుకెళ్ళడం నా పని. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి గదిలో ఉన్నానన్న సంగతి అందరూ మరిచిపోతారు. అన్నీ నా ముందే మాట్లాడేసుకుంటారు.

బుడ్డిదానికి ఏడేళ్ళు. మందు సీసా దగ్గర్నుంచి కరెంటు మీటరు దాకా కనబడినదల్లా చదువుతుంది. "చంద్రుడు మన బస్సు వెంటే ఎందుకొస్తున్నాడు?" అని ఒకసారి కండక్టర్ని అడిగింది. "టికెట్ లేదుగా, అందుకే బయట నడుస్తున్నాడు" అన్నాడాయన. అది నవ్వలేదు. దిగేదాకా ఆలోచించింది. ఇలాంటివి విని విని, దీనికి తెలివితేటల పరీక్ష పెట్టించండని బళ్ళో టీచరు చెప్పింది. పిన్ని మర్నాడే పిల్లల సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఫలితం నూట ముప్ఫై ఎనిమిది.

పిన్ని ఆ అంకెని మెట్ల మీద కనబడ్డవాళ్ళకి చెప్పింది, ఫోన్లో వాళ్ళక్కకి చెప్పింది, చివరికి పాలవాడికీ చెప్పింది. "అయ్యో, బీపీయా అమ్మా? చిన్నపిల్లకేనా?" అన్నాడు పాలవాడు.

బాబాయి కాగితం తిరగేసి, మరగేసి, "ఎక్కువ చూపిస్తోంది. మళ్ళీ పెట్టమను" అన్నాడు.

"ఏమిటీ?"

"నువ్వే ఆలోచించు. మీ నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని కళ్ళద్దాలు వెతుక్కునే మనిషి. మా వైపు చూస్తే నేనున్నాను. ఇంత తెలివి ఎక్కణ్ణించి వస్తుంది?"

"తక్కువొచ్చిందని ఏడ్చే తండ్రుల్ని చూశాను. ఎక్కువొచ్చిందని ఏడ్చేవాడు నాకే దొరకాలా!"

ఆ పోట్లాట సైకాలజిస్టు గదిదాకా సాగింది. బుడ్డిది నా చెయ్యి వదలకపోతే నేనూ వెళ్ళాను. సైకాలజిస్టావిడ దాన్ని బయట గదిలో బొమ్మల దగ్గర కూర్చోబెట్టి వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"ఈ ఒక్క అంకెనే పట్టుకోకండి. పరీక్షలో చాలా భాగాలున్నాయి. మాటల్లో, ఆలోచనలో పాప చాలా పైనుంది. వేగంలో మామూలుగానే ఉంది. ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు అన్నీ కలిపిన అంకె పిల్లని సరిగ్గా చూపించదు."

"వేగం ఎందుకు తగ్గిందండీ?" పిన్ని కుర్చీ ముందుకి జరుపుకుంది.

"గళ్ళలో గుర్తులు పెట్టమన్నాను. ప్రతి గడీ నింపాక వెనక్కెళ్ళి సరిచూసుకుంది. ఎందుకమ్మా అంటే, మొదటిసారి నమ్మకూడదండీ అంది."

మేమందరం బాబాయి వైపు చూశాం. బాబాయి గోడ మీదున్న జిరాఫీ వైపు చూశాడు.

పిన్ని తేరుకుంది. "అయితే ఆ వేగానిది మళ్ళీ పెట్టండి, పెరుగుతుంది."

"పైన వచ్చినవి మళ్ళీ పెట్టండి, తగ్గుతాయి" అన్నాడు బాబాయి.

ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది. "ఏదీ పెట్టను. ఇప్పుడే పెడితే ప్రశ్నలు గుర్తుండిపోయి ఉంటాయి. మనం కొలిచేది తెలివి కాదు, జ్ఞాపకం అవుతుంది. కనీసం ఏడాది ఆగాలి. అప్పుడైనా ఎందుకో చెబితేనే పెడతాను. ఈలోగా తన తరగతిలోనే ఉంచి కాస్త గట్టి పుస్తకాలివ్వండి. ఆడుకోనివ్వండి."

"ఏడాదా?"

"ఏడాది."

"మళ్ళీ చెప్పండి."

"ఏడాదండీ!"

పిన్నికి మాత్రం అంకె తప్ప ఇంకేమీ వినబడలేదు. ఇంటికి ఎవరొచ్చినా బుడ్డిదాన్ని ముందు నిలబెట్టి, "ఏదైనా అడగండి, మొహమాటపడకండి" అనేది. ఎదురింటావిడ ఒకరోజు ఏదో దేశం రాజధాని అడిగింది. బుడ్డిది తెలీదంది. "నూట ముప్ఫై ఎనిమిదికి కూడా తెలీదా?" అని ఎదురింటావిడ హాయిగా నవ్వి, ఇంకో బిస్కెట్ తీసుకుంది.

అంతే, బుడ్డిది ప్రశ్నలు మానేసింది. కరెంటు మీటరు చదవడం మానేసింది. తెలిసినవాటికి తప్ప నోరు విప్పేది కాదు. ఒక పొద్దున జడ వేస్తుంటే అడిగింది: "అక్కా, నాకు కొన్ని తెలీవని తెలిస్తే అంకె వెనక్కి తీసేసుకుంటారా?"

నేను రిబ్బను బిగించి ముడి వేశాను. గుమ్మంలో బాబాయి చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంటున్నాడు. అది రోజూ ఉండేదే కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆ వారమే బడి ప్రిన్సిపాల్ పిలిపించాడు. బుడ్డిదాన్ని ఏకంగా రెండు తరగతులు పైకి పంపిస్తాడట. గేటు మీద దాని ఫొటో, పక్కన తలకాయంత అంకె. కొత్త అడ్మిషన్లు మొదలయ్యే రోజులు మరి. ఫొటోకి ఏ గౌను వెయ్యాలో పిన్ని కుర్చీలో కూర్చునేలోపే నిర్ణయించేసింది.

"ఆ అంకె ఖాయం కాదండీ" అన్నాడు బాబాయి.

"పేరున్న సైకాలజిస్టే కదా పెట్టింది?"

"చాలా మంచావిడ. అయినా రెండోసారి చూడాలి."

"అయితే రేపే పెట్టించండి!"

"ఏడాదిదాకా కుదరదన్నారు."

ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీశాడు. బాబాయి జేబులోంచి రాయి తీసి ఆయన బల్ల మీద పెట్టాడు. "ఇది ఎంతుంటుందంటారు?"

"అరకిలో. దాని మీదే రాసుందిగా!"

"చూశారా, రాసుంటే నమ్మేశారు."

ప్రిన్సిపాల్ పిన్ని వైపు చూసిన చూపులో పరామర్శ అంతా ఉంది. ఫొటో ఆగిపోయింది. బుడ్డిది పాత తరగతిలోనే, తనతో రబ్బరు పంచుకునే నేస్తం పక్కనే ఉండిపోయింది. పిన్ని మొగుడితో మాటలు మానేసి నా ద్వారా నడిపించింది. "అన్నం పెట్టమంటాడేమో మీ బాబాయిని అడుగు." నేను అడిగేదాన్ని. "మళ్ళీ అడగమను" అనేవాడాయన.

ఒక మధ్యాహ్నం కొట్టుకి క్యారేజీ తీసుకెళ్ళాను. సెలవురోజు కావడంతో బుడ్డిది అక్కడే ఉంది. బస్తాలు తూచే పెద్ద కాటా మీద కూర్చుని కాళ్ళూపుతోంది. నేను గుమ్మం పక్కన ఆగాను.

"నాన్నా, రెండోసారి తక్కువొస్తే?"

"తప్పు చూపిస్తోందంటాను. మళ్ళీ పెట్టమంటాను."

"ఎక్కువొస్తే?"

"అదీ తప్పంటాను."

"సరిగ్గా అంతే వస్తే?"

"రెండూ ఒకేలా పాడయ్యాయంటాను."

బుడ్డిది కాళ్ళూపడం ఆపి లెక్క చూసుకుంది. "అంటే... ఎప్పటికీ తేలదా?"

"నేను బతికుండగా తేలనిస్తానా?"

అది పకపకా నవ్వింది. కింద కాటా ముల్లు కూడా దానితోపాటు ఊగింది. ఆ వెంటనే, "అయితే నాన్నా, ముల్లు ఆగేముందు వణుకుతుందెందుకు?" అని అడిగింది. అంకె ఊసు లేకుండా అన్నాళ్ళకి దాని నోట వచ్చిన మొదటి ప్రశ్న.

"నాకు తెలీదు" అన్నాడు, పాతికేళ్ళుగా ముళ్ళు సరిచేస్తున్న మనిషి. "చూద్దాం పద."

ఈ పిల్లకి చదువు అబ్బదని నా గురించి మా బళ్ళో తేల్చేసినరోజు, నాలుగూళ్ళ చుట్టాల్లో "మళ్ళీ చూడండి" అన్నది ఈయనొక్కడే. ఆయన పంతానికి ఆరోజు నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

క్యారేజీ బల్ల మీద పెట్టాను. "బాబాయ్, నీకు ఆ అంకె మీద అనుమానమేం లేదు కదూ? కావాలనే అడ్డం పడ్డావు కదూ?"

"ఛ, నేనెందుకు పడతాను?"

నేను సాధారణంగా ఒకసారి అడగడమే ఎక్కువ. ఆరోజు మళ్ళీ అడిగాను.

ఆయన జేబులోంచి రాయి తీసి చిన్న కాటా మీద పెట్టి, ముల్లు ఎటు పోతుందో దీక్షగా చూస్తూ కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మొదటిసారి నమ్మకూడదు కదా, మళ్ళీ చూశాను. ఎర్రగానే ఉన్నాయి.