గోదావరి రాళ్ల మీది పాకుడు

ఎనభైల మొదట్లో నేను లక్సెట్టిపేటలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతూ, మిగిలిన వేళల్లో పీహెచ్‌డీ కోసం గోదావరి వెంట తిరిగేదాన్ని. నీళ్లలో రాళ్లకు పట్టే పాకుడే నా విషయం. కాలు జారేలా చేసే ఆ గోధుమరంగు జిగురును మైక్రోస్కోపు కింద పెడితే, పడవల్లా, సూదుల్లా ఉండే, గాజు పెంకులున్న జీవులు లెక్కలేనన్ని కనబడతాయి. వాటిని డయాటమ్‌లంటారు. నత్తలు, చేపపిల్లలు వాటినే తింటాయి. నీళ్లు చెడితే ముందుగా తెలిసేది వాటికే.

ఊరి పక్కన ఒక ఉప్పుడు బియ్యం మిల్లు కాలువ నదిలో కలిసేది. ఆ కాలువకు ఎగువన ఐదు రాళ్లు, దిగువన బట్టలుతికే రేవులో ఐదు రాళ్లు ఎంచుకుని ఎర్ర రంగుతో చుక్కలు పెట్టాను. శనివారం కాలేజీ కాగానే వెళ్లి, పాత పళ్ల బ్రష్షుతో ఒక్కో రాయి మీద అగ్గిపెట్టంత మేర గీకి సీసాల్లో పోసుకునేదాన్ని.

రెండో వారమే రేవులో జారిపడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. ఊరివాళ్ల బట్టలుతికే అవ్వ ఒకామె పరుగున వచ్చి లేపింది. పాకుడును పాశి అంటూ, దాని మీద నడవడం నీకు చేతకాదని కోప్పడింది.

ఆ తర్వాత నుంచి రేవు సీసాల్లో దాదాపు ఏమీ దొరకలేదు. ఎగువ రాళ్ల మీద మాత్రం పొర దట్టంగానే ఉంది. నాకు కుదురు పోయింది. పాఠం మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి చూసేదాన్ని. మా గైడ్‌గారు తొందరపడవద్దని, ఇంకొన్నాళ్లు చూడమని ఉత్తరం రాశారు. నేను చూడలేదు. పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, మిల్లు నీళ్లతో నది చచ్చిపోతోందని చెప్పాను. వాళ్లు అడిగితే మిల్లాయన నాలుగు రోజులు బాయిలర్ ఆపేశాడు. పని లేక మిల్లు వాకిట్లో కూర్చున్న హమాలీల ముందు నుంచే నేను కాలేజీకి నడిచాను.

కాలువ ఆగాక రాళ్లు ఎలా ఉన్నాయో చూడాలన్న ఆత్రంతో, శనివారం దాకా ఆగలేక శుక్రవారం సాయంత్రమే నదికి పోయాను. అవ్వ మోకాలి లోతు నీళ్లలో వంగి, నా ఎర్ర చుక్కల రాయిని ఇటుకపొడి, పీచు పెట్టి తోముతోంది.

ఏం చేస్తున్నావవ్వా అని అడిగాను.

"నువ్వు పడ్డప్పటి సంది నేనే తోముతున్న బిడ్డా," అంది. "రేపు నువ్వు వస్తవు గదా. గీ చుక్కల రాళ్లకాడనే గదా నువ్వు నిలవడేది. సూడు, జర గూడ పాశి లేదు."

ఆమె మీద కోపం రాలేదు. హమాలీల ముఖాలే కళ్లముందు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే ముందు పంచాయతీకి, తర్వాత మిల్లుకు వెళ్లి నేను పొరపడ్డానని చెప్పాను. మిల్లాయన అరుస్తాడనుకున్నాను. చాయ్ తెప్పించాడు.

"కాల్వ నీళ్లు వాసనొస్తున్న మాట నిజమే మేడం," అన్నాడు. "గాని చూడకుంట చెప్పుడు మంచిగ లేదు."

నేను చూశాననే అనుకున్నాను.

అవ్వను ఒప్పించడమే కష్టమైంది. పాశి కావాలని అడిగే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదట. మళ్లీ పడితే ఎవరు చూస్తారని వాదించింది. ఆఖరికి తోమడం మానేసింది గానీ, శనివారాలు ఉతుకుడు ఆపి వచ్చి, నేను గీకినంతసేపూ నా జబ్బ గట్టిగా పట్టుకుని నిలబడేది.

మూడు వారాల్లో గోధుమరంగు పొర తిరిగి వచ్చింది. పాత లెక్కలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టడంతో థీసిస్ ఏడాది ఆలస్యమైంది. రేవులో, ఎగువన జీవులు ఇంచుమించు సమానంగానే తేలాయి. మురికిని తట్టుకునే రకాలు మాత్రం రేవులో కాస్త ఎక్కువ. కాలువ వల్లనే కావచ్చు, సబ్బునీళ్ల వల్లనే కావచ్చు, తేల్చలేకపోయానని రాశాను. ఆ వాక్యం బలహీనంగా ఉంది, మార్చమన్నారు గైడ్‌గారు. నేను మార్చలేదు.