రౌటర్ నాడి పట్టిన ఇల్లు

ఆఫీసులో ఆమెను అందరూ హలో అక్క అంటారు. పెద్దాసుపత్రికి వచ్చే ఫోన్లు ఎత్తి, ఏ డాక్టరు దగ్గరికి ఎప్పుడు రావాలో చెప్పి, పేరు నమోదు చేసుకోవడం ఆమె పని. ఏళ్ల తరబడి అదే కుర్చీ, అదే హలో. అయితే ఆ కుర్చీ దాకా వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. బస్సెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. కిటికీ పక్కన సీటు దొరికినా, నోట్లో లవంగం వేసుకున్నా, కళ్లు మూసుకున్నా తేడా ఉండదు. ఆఫీసు మెట్లెక్కేసరికి మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. అందుకే, కొందరికి ఇంటినుంచే పనిచేసే అవకాశం ఇస్తామని ఆసుపత్రి అనగానే ముందు చెయ్యెత్తింది ఆమే.

ఫోన్లు ఇంటి ఇంటర్నెట్ మీదుగా కంప్యూటర్‌కే వస్తాయి. షరతు ఒకటే. మాట్లాడుతుండగా లైను తెగకూడదు. నెలాఖరున సూపర్‌వైజర్ ఒక పూటంతా లైన్లో ఉండి వింటుంది. లైను నిలబడితే ఇంటినుంచి పని ఖాయం. తెగితే మళ్లీ బస్సు.

మొదటి వారంలోనే తెగింది. ఒక పెద్దాయన తన మోకాలి కథంతా చెప్పి, పేరు చెప్పబోతుండగా అటువైపు గొంతు ఆగిపోయింది. ఆయన మళ్లీ ఫోన్ చేసి కథ మొదటినుంచీ చెప్పాడు. మళ్లీ పేరు దగ్గరే ఆగింది. ఆమె హాల్లోకి పరుగెత్తి చూస్తే, చెప్పుల స్టాండు మీద ఇంటికంతటికీ ఇంటర్నెట్ పంచే రౌటర్‌లో పచ్చగా ఉండాల్సిన లైటు ఎర్రగా ఉంది.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. భర్త రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు. మరిది టైర్ల షోరూంలో బిల్లులు కొట్టి, ఇంటికొచ్చాక కంప్యూటర్లో కారు పందేలు ఆడతాడు. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన అత్తగారు ఇంటర్నెట్లో ముక్కూమొహం తెలియనివాళ్లతో చదరంగం ఆడుతుంది. ఒకరు చేసిన పనిని ఇంకొకరు నమ్మకపోవడం ఆ ఇంటి అలవాటు. గ్యాసు కట్టేశామా లేదా అన్నది ముగ్గురూ విడివిడిగా వెళ్లి చూస్తారు. కోడలు వేసిన వీధి తలుపు తాళం సరిగా పడిందో లేదోనని అత్తగారు దాన్ని తీసి మళ్లీ వేస్తుంది. తర్వాత మరిది వెళ్లి లాగి చూస్తాడు. భర్తకు ఈ జబ్బు లేదు. ఆయన తాళం సంగతే మరిచిపోతాడు.

రౌటర్లతో వేగలేనివాళ్లంతా చేరే చోటు ఒకటి ఇంటర్నెట్లో ఉంది. గుడ్లగూబ అనే మారుపేరుతో ఒకాయన అక్కడ ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటర్లో దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రాం, పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు దాని మీద తలా ఒక చెయ్యి వేశారు. అది చేసే పని చిన్నదే. నిమిషానికోసారి రౌటర్‌ను ఉన్నావా అని పలకరిస్తుంది. పలికితే సరే. వరసగా కొన్నిసార్లు పలక్కపోతే, దానికి ఒంట్లో బాగోలేదని తెర మీద చెబుతుంది. అంతటితో ఆగుతుంది.

నాడి చూసి మందు రాయని డాక్టర్ల మీద రోజూ ఫిర్యాదులు వినే మనిషికి ఇది రుచించలేదు. ఆఫీసు కంప్యూటర్ పట్టికల్లో లెక్కల సూత్రాలు రాసిన అలవాటు ఆమెకు కాస్త ఉంది. తెలియనివి అక్కడివాళ్లనే అడిగింది. నాలుగు సాయంత్రాలు తిప్పలు పడి స్క్రిప్టుకు ఒక మెరుగు పెట్టింది. రౌటర్ పలక్కపోతే ఇక మాటలుండవు. ఆపి మళ్లీ మొదలవమని ఆజ్ఞ వెళుతుంది. రౌటర్ ఆ ఆజ్ఞ వినేదాకా వెళుతూనే ఉంటుంది. ఆ తర్వాత అది లేచేదాకా స్క్రిప్టు ఓపిగ్గా ఆగుతుంది. తెర మీద మాత్రం 'చికిత్స జరుగుతోంది' అని కనబడుతుంది.

గుడ్లగూబ ఒక్క ముక్క రాశాడు: "జాగ్రత్త. నేను కావాలనే అది పెట్టలేదు." ఎందుకో ఆయన రాయలేదు, ఆమె అడగలేదు.

"వదినా, నా కంప్యూటర్లో కూడా పెట్టవా?" అన్నాడు మరిది.

"నా దాంట్లో ఉందిగా. ఇంటికి ఒకటి చాలదూ?"

"నీది మొరాయిస్తే?"

అత్తగారు గదిలోంచే అందుకుంది. "వాడికి పెట్టి నాకు ఎగ్గొడదామనా? మొన్న అవతలివాడి రాణి నా చేతికి చిక్కింది. సరిగ్గా అప్పుడే లైను పోయింది. టైమైపోయి ఓడిపోయా. పైగా వాడు నాకు నవ్వుతున్న బొమ్మ పంపాడు."

"అలాగే అత్తయ్యా, పెడతాను."

అలా ఆ ఇంట్లో మూడు కంప్యూటర్లు ఒకే రౌటర్‌ను కనిపెట్టుకుని ఉండడం మొదలుపెట్టాయి.

ఆ వారంనుంచి రౌటర్ పరిస్థితి ఎవరికీ అంతుబట్టలేదు. పొద్దున్న బాగానే ఉండేది. మధ్యాహ్నం అత్తగారు ఆటకు కూర్చున్నాక ఎప్పుడో ఒకప్పుడు పడిపోయేది. పడిందంటే ఒక పట్టాన లేచేది కాదు. లేచి, ఒక్క క్షణం పచ్చగా వెలిగి, మళ్లీ పడేది. సాయంత్రం మరిది వచ్చాక మరీ అన్యాయం. భర్త దాన్ని ముట్టుకుని చూసి ఒళ్లు కాలిపోతోందన్నాడు, టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు. చెప్పుల మీది దుమ్మంతా లేచి మొహాన పడింది తప్ప రౌటర్ కోలుకోలేదు.

ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చాడు. ముందు ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నీ ఆపేయమన్నాడు. బయటినుంచి వచ్చే వైరు మార్చి, తన ఫోన్లో చాలాసేపు పరీక్షించాడు. ఒక్కసారి కూడా తెగలేదు.

"మీ రౌటర్‌కేమండీ, రాయిలా ఉంది," అన్నాడు.

"మీరున్నంతసేపే అండీ ఈ బుద్ధి," అంది ఆమె.

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ముగ్గురూ మళ్లీ కంప్యూటర్లు పెట్టుకున్నారు. కాసేపటికి లైటు ఎర్రబడింది.

ఆమె స్క్రిప్టును ఇంకా మెరుగుపరిచింది. నిమిషానికోసారి కాదు, నాలుగైదుసార్లు పలకరించేలా మార్చి, కొత్తదాన్ని మళ్లీ అందరికీ పంచింది. జబ్బు ముదిరింది. మెరుగు పెట్టినకొద్దీ ఎందుకు ముదురుతోందో బుర్ర బద్దలు కొట్టుకున్నా తెలియలేదు. చివరికి అనుమానం చదరంగం మీదికి పోయింది.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. మీరు ఆట మొదలెట్టాకే ఇది పడుతోంది."

"నేను గుర్రాన్ని జరిపితే నీ రౌటర్ పడిపోతుందా? గుర్రం ఏమన్నా దాన్ని తన్నిందా?"

"ఊరికే అడిగానంతే."

"ఊరికే అడిగేదైతే వాణ్ణి అడుగు. ఆ కార్లు అంతలా గుద్దుకుంటుంటే ఏ వైరు మిగులుతుంది?"

"నేనేం చేశానమ్మా మధ్యలో!" అన్నాడు మరిది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. రౌటర్ కూడా.

సూపర్‌వైజర్ వినేది సోమవారం. ముందురోజు ఆదివారం కాబట్టి భర్త ఇంట్లోనే ఉన్నాడు. హాల్లో నేల మీద కూర్చుని, వేళ్లకు అంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. రౌటర్ ఎర్రబడింది. లోపలి గదిలోంచి భార్య కేకేసింది.

"కంగారుపడకండి! చికిత్స జరుగుతోంది!"

కాసేపటికి పచ్చ లైటు వచ్చింది. అమ్మయ్య అనుకునేలోపు పోయింది. ఈసారి గొంతు తల్లిది.

"ఏం పరవాలేదు! చికిత్స జరుగుతోందంటోంది!"

మళ్లీ పచ్చబడింది. మళ్లీ ఆరిపోయింది.

"అన్నయ్యా, నువ్వు దాన్ని ముట్టుకోకు! చికిత్స జరుగుతోంది!" మేడ మీది గదిలోంచి తమ్ముడు.

భర్త గుడ్డ పక్కన పడేశాడు.

"ఒరేయ్, ఇప్పుడేగా అమ్మ చేసింది. మళ్లీ నువ్వెందుకు చేస్తున్నావు? అసలు ఈ ఇంట్లో ఎంతమంది డాక్టర్లు?"

ఆయన కోపంతోనే అన్నాడు, అందులో వేరే అర్థమేమీ లేదు. కానీ గదిలో ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. తన స్క్రిప్టు తాను మందేసినప్పుడు ఆగుతుంది. పక్క గదిలోది మందేసిందని దానికెలా తెలుస్తుంది? తను ఆపి లేపుతున్న రౌటర్ అత్తగారి కంప్యూటర్‌కు చచ్చినట్టే కనబడుతుంది. అది ఆజ్ఞ పంపుతూ కాచుకుని ఉండి, రౌటర్ కళ్లు తెరవగానే మళ్లీ పడుకోబెడుతుంది. దాన్ని చూసి మరిదిది. మరిదిదాన్ని చూసి తనది. ఎప్పుడో ఒకసారి పడేదాన్ని ముగ్గురూ కలిసి లేవనివ్వడం లేదు.

అందరినీ హాల్లోకి పిలిచి చెప్పింది. అత్తగారు రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే నా కంప్యూటరే నా ఆట పాడు చేస్తోందా?"

"అవునత్తయ్యా. నాది, మరిదిది కూడా."

"నిక్షేపంలాంటి స్క్రిప్టును నువ్వే చెడగొట్టావన్నమాట."

"బాగుచేద్దామనే..."

"సరే, ఇప్పుడు ఎవరిది ఉంచుదాం?" అన్నాడు మరిది. దాని మీద ఇంకో గొడవ. ఎవరూ తమది తీయడానికి ఒప్పుకోలేదు. ఆమె ఇక వాదించలేదు. ఒక్కో గదికీ వెళ్లి మూడిట్లోనూ స్క్రిప్టును ఆపేసింది. తను పెట్టిన మెరుగు తీసేసి, ఎందుకు తీసిందో గుడ్లగూబకు రాసింది. ఆయన మళ్లీ ఒక్క ముక్కే పంపాడు: "మా ఇంట్లో రెండే ఉండేవి."

సోమవారం పొద్దున్నే సూపర్‌వైజర్ లైన్లోకి వచ్చింది. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కంటి డాక్టరు కావాలన్నవాళ్లు, వచ్చే తారీకు మార్చమన్నవాళ్లు, ఆసుపత్రి క్యాంటీన్ ఎప్పుడు తెరుస్తారని అడిగినవాళ్లు. లైను ఒక్కసారి కూడా తెగలేదు. ఆమె మాత్రం తలుపు సందులోంచి పచ్చ లైటు వైపు చూస్తూనే ఉంది. అది వెలుగుతున్నకొద్దీ ఆమెకు దిగులు పెరిగింది. ఈ మూడు స్క్రిప్టులూ లేనప్పుడు ఇంత బాగుంటే, మొదట్లో మోకాలి పెద్దాయన దగ్గర ఎందుకు తెగింది? అప్పుడు స్క్రిప్టే లేదు కదా.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ గొంతు వినిపించింది. "బాగుందమ్మా. ఏం బాగుచేశారు?"

"వైరు మార్చారు మేడమ్. ఫ్యాను పెట్టాం. స్క్రిప్టు పెట్టాం. స్క్రిప్టు తీసేశాం."

"వీటిలో దేనివల్ల బాగైంది?"

భోజనానికి వచ్చిన భర్త గుమ్మంలో నిలబడి, "వైరని చెప్పు, వైరని చెప్పు," అని పెదాలు కదిలించాడు. ఆమె ఆయన్ని చూసి తల తిప్పుకుంది.

"తెలీదు మేడమ్."

"తెలియకపోతే మళ్లీ రాదని నేను పైవాళ్లకు ఎలా చెప్పను?"

"రాదని నేనూ చెప్పలేనండీ. వస్తే మాత్రం అది మేం చేసింది కాదని చెప్పగలను. ఇన్నాళ్లూ అది కూడా తెలియదు."

లైను తెగిందేమోనని ఆమె లేవబోయింది.

"ఇంకో నెల చూద్దాం," అంది సూపర్‌వైజర్. "అప్పటిదాకా ఇంటినుంచే చెయ్యండి."

భర్త లోపలికొచ్చాడు. "ఇంతకీ ఖాయమైనట్టా, కానట్టా?"

"ఏమోనండీ," అంది ఆమె. హెడ్‌ఫోన్ సర్దుకుని, మోగుతున్న ఫోన్ ఎత్తింది.