పదకొండింటికి ప్లగ్గులు పీకే ఇల్లు

మా ఇంట్లో టీవీ కింద ఒక నల్లటి పెట్టె ఉంది. ఎత్తూ వెడల్పూ చెప్పుల డబ్బా అంతే. కానీ దాని గురించి నేను మార్కాపురం బజారులో చెప్పుకున్న తీరు వింటే, కంభం చెరువు నీళ్ళన్నీ అందులో పట్టించి మూత పెట్టవచ్చని ఎవరైనా నమ్ముతారు. నిజానికి లోపల ఉన్నవి రెండు హార్డ్ డిస్కులు. వాటిలో పెళ్ళి వీడియోలు, ఎవరివో గుర్తులేని ఫోటోలు, అన్నిటికంటే విలువైన పదకొండు క్యాసెట్ల నాయన గొంతు.

నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం వరండాలో కూర్చుని చూసినవీ చూడనివీ కలిపి కథలు చెప్పేవాడు. ఆయన నోట్లో పడితే తేలు జెర్రి అయ్యేది, జెర్రి కొండచిలువ అయ్యేది. నాకు ఈ విద్య వచ్చింది అక్కడి నుంచే. బ్యాటరీలతో నడిచే టేప్ రికార్డరు పక్కన పెట్టి ఆ కథలన్నీ పట్టుకున్నాను. తర్వాత వాటిని కంప్యూటర్లోకి మార్పించి పెట్టెలో దాచాను.

గిద్దలూరులో ఉండే మా అక్కకు కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి కూడా ఎంతో కాలం పనిచేయదని ఒంగోలు డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"రేయ్, ఈ ఒక్క చెవి ఉన్నప్పుడే నాయన మాటలు వినాలనుందిరా. పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకొని రా. మా టీవీకి పెట్టుకుంటా."

నేను నవ్వాను. "పెన్ డ్రైవ్ ఏందక్కా, ఏ కాలంలో ఉండావు? నువ్వు మంచం మీద కూర్చొని ఫోన్ నొక్కు. ఈడ నా పెట్టె తెరుచుకుంటది. నాయన నీ ఇంటికొచ్చి మాట్లాడతాడు."

"పెట్టెలూ గిట్టెలూ నాకు తెలీవు. నువ్వు రా చాలు."

బస్సెక్కితే రెండు గంటల దారి. నేను ఎక్కలేదు.

మా ఇంటికి ఇంటర్నెట్‌లో ఒక నెంబరు ఉంటుంది. లైను తెగి మళ్ళీ కలిసినప్పుడల్లా అది మారిపోతుంది. అందుకని మారని పేరొకటి పెట్టుకోవాలి. నెంబరు మారినప్పుడల్లా పెట్టె తనంతట తానే పోయి, ఈ పేరుగల ఇల్లు ఇప్పుడు ఫలానా నెంబరులో ఉందని రాయించి రావాలి. దీన్ని డైనమిక్ డీఎన్ఎస్ అంటారు. ఆ ముక్క నేర్చుకున్నాక వారం రోజులు కరణంగారిలా నడిచాను. ఆ పేరును అక్క ఫోన్‌కు పంపి, తీరికైనప్పుడు దాన్ని నొక్కమన్నాను.

అక్కకు తీరిక దొరికేది మధ్యాహ్నం ఒంటిగంటకు. గొర్రెలు మేతకు పోయి ఉంటాయి, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలోనే ఆమె చెవికి మాట తెలిసేది. మొదటి రోజు సరిగ్గా ఒంటిగంటకు నా జెరాక్స్ దుకాణానికి ఫోన్ వచ్చింది.

"ఫోన్లో గుండ్రంగా తిరగతాందిరా. తిరగతానే ఉంది. నాయన రాలా."

సాయంత్రం ఇంటికి పోయి పెట్టె సెట్టింగుల్లో నెంబరు రాయించే బటను నొక్కాను. పచ్చరంగులో సక్సెస్ అని వచ్చింది. మర్నాడు పొద్దున నొక్కినా పచ్చగానే ఉంది. ఒంటిగంటకు మళ్ళీ అక్క ఫోన్. నాయన రాలేదు.

"నీ ఫోన్ పాతదక్కా," అన్నాను. పాపం, కొత్తది కొనుక్కుంది. అందులోనూ గుండ్రంగానే తిరిగింది.

పాస్‌వర్డ్ వందసార్లు మార్చాను. పెట్టె చేసిన కంపెనీకి నా ఆత్మకథంత పొడుగు ఉత్తరం రాశాను. ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడమని వాళ్ళు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. చివరికి కేబుల్ అబ్బాయిని పిలిచాను. వరసేమీ లేకపోయినా చిన్నప్పటి నుంచీ నన్ను మామా అంటాడు.

"నా లైను బంగారం మామా. ఎండాకాలం, రోజూ కరెంటు పోతాంది గదా, నీ పెట్టె ఆగి ఆగి లేస్తాంది. ఈ బ్యాటరీ డబ్బా పెడతాన్జూడు. కరెంటు పోయినా పెట్టె ఆగదు, మోడెం ఆగదు, నెంబరు మారదు."

పెట్టాడు. మర్నాడు ఒంటిగంటకు అక్క ఫోన్: "రాలా."

నేను నడివీధిలో నిలబడి అతన్ని దొంగ అన్నాను. ఇంకా చాలా అన్నాను, పదిమంది వినేటట్టు అన్నాను. అతను తల వంచుకొని, "నువ్వేనా మామా ఈ మాట అనేది?" అని బండెక్కి పోయాడు. ఇప్పుడు ఎదురైతే సార్ అంటున్నాడు.

నలభై రోజులు గడిచాయి. అక్క గొంతు ఫోన్లో రోజురోజుకూ పెద్దదైంది. తనకు తన మాట వినపడక అరుస్తోందని నాకు తట్టలేదు, కోపమనుకున్నాను. తర్వాత ఫోన్లు రోజు విడిచి రోజు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి.

ఒకరోజు జెరాక్స్ మిషన్ చెడిపోయి పదకొండింటికి ఇంట్లోనే ఉన్నాను. కరెంటు పోయింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి వరసగా ప్లగ్గులు పీకడం మొదలుపెట్టింది. ఫ్రిజ్, మిక్సీ, టీవీ. ఆఖరికి వంగి బ్యాటరీ డబ్బా ఆపి, నా పెట్టెదీ మోడెందీ వైర్లు లాగేసింది.

"అది ఎందుకు పీకినావే?"

"నువ్వే గదయ్యా! రోజూ పదకొండు కొట్టంగానే దుకాణం నుంచి ఫోన్ జేసి, కరెంటు పోయింది, అన్నీ పీకినావా, ఒక్కటన్నా మరిచినావా అని నా ప్రాణం తీసేది ఎవరు?"

నేనే. మా చిన్నప్పుడు ఒకసారి పోయిన కరెంటు రెట్టింపై తిరిగొచ్చి వీధిలో బల్బులన్నీ టపాకాయల్లా పేలాయి. ఆనాటి నుంచి కరెంటు పోతే అన్నీ పీకాలన్నది నాయన పెట్టిన చట్టం. ఆయన పోయాక ఆ చట్టాన్ని ఫోన్లో నడుపుతున్నది నేను.

గంట తర్వాత కరెంటు వచ్చింది. ఆమె అన్నీ ఒకేసారి తగిలించింది. పెట్టె ముందు లేచింది. లైను కలవడానికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా పెట్టె కొత్త నెంబరు రాయించడానికి బయల్దేరి, దారి లేక, పని కాలేదని ఒక ఎర్ర గీత రాసుకుని, ఇక మర్నాటి దాకా లేవనని పడుకుంది. ఆ ఎర్ర గీతల పేజీ నేను ఎన్నడూ తెరవలేదు. తెరిస్తే రోజుకొకటి చొప్పున బారులు తీరి ఉన్నాయి.

ఐదు నిమిషాలకోసారి మళ్ళీ ప్రయత్నించమని రెండు నొక్కుల్లో దానికి చెప్పాను. అక్క ఫోన్‌కు మెసేజ్ పెట్టాను. మర్నాడు ఒంటిగంటకు పెట్టె తెరుచుకుంది. కాసేపటికి అక్క ఫోన్.

"వచ్చిందిరా! ఎవరో మాట్లాడతాండారు. గుయ్యిమంటాంది అంతే, మాట తెలీడం లేదు. నాయనేనా అది?"

నేను జవాబు చెప్పాను. ఆమె మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగింది.

మర్నాడు పొద్దున్నే పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని గిద్దలూరు బస్సెక్కాను. అక్క టీవీకి పెట్టి సౌండు చివరిదాకా పెంచాను. నల్లమలలో పులులకు కూడా నాయన కథలు కంఠతా వచ్చి ఉంటాయి. అక్క మాత్రం టీవీ వైపు చూడటం మానేసి నా నోటి వైపు చూస్తోంది. నాయన ఒక్కో మాట అంటుంటే నేను ఆమె ఎదురుగా కూర్చుని పెదాలు బాగా కదిలించి తిరిగి చెబుతున్నాను. కథ మధ్యలో క్యాసెట్లోనే ఆనాటి కరెంటు పోయింది. నాయన అరిచాడు. నేనూ ఆయన యాసలోనే అరిచాను:

"కరెంటు పోయింది! అన్నీ పీకినారా? ఒక్కటన్నా మరిచినారా?"

అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నువ్వు చెప్పేది తెలస్తాందిలేరా. నేనడిగింది నాయన గొంతు."

లేచి టీవీ ఆపింది. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, టీవీ వెనక పెట్టింది.