శేషగిరి గారి బాయ్‌కాట్

నాకు చప్పట్లంటే అనుమానం. ఒక హాల్లో అందరూ ఒకేసారి చెయ్యెత్తితే, ఎవరు ఎవరిని చూసి ఎత్తారా అని వెతుకుతాను. మా ఆయన రవిశంకర్ దీన్ని రోగం అంటారు. నేను కెనడాలో, ఈ సస్కటూన్‌లో రిటైరయ్యేదాకా యూనివర్సిటీ ల్యాబులో పనిచేశాను. ఒక్కసారి వచ్చిన రిజల్టును నమ్మకూడదని అక్కడే అలవాటైంది. అందుకే 2025 ఉగాది నాడు స్కూలు జిమ్ములో శేషగిరి గారు మైకు పట్టుకుని "ఇవాళ్టి నుంచి అమెరికా సరుకేదీ కొనొద్దు" అన్నప్పుడు, ఊళ్ళో తెలుగువాళ్ళందరూ చేతులెత్తినా నేను పులిహోర తింటూ కూర్చున్నాను.

అప్పటికి దేశమంతా అదే గొడవ. పక్క దేశం సుంకాలు వేసింది. పైగా కెనడాను తమలో కలిపేసుకుంటామని అక్కడి పెద్దలు వేళాకోళానికో నిజానికో అంటున్నారు. షాపుల్లో కెనడా సరుకుల ధర చీటీల మీద చిన్న మేపుల్ ఆకు బొమ్మ వెలిసింది. నేనెళ్ళే షాపులో నారింజపళ్ళ ముందు కూడా ఆకు ఉంది. సస్కటూన్ మంచులో నారింజ ఎక్కడ కాసిందో ఆ షాపువాడికే తెలియాలి.

శేషగిరి గారిది కొవ్వూరు. పెళ్ళయిన కొత్తలో ఈ దేశం వచ్చి, పప్పు మిల్లులకు యంత్రాలు బిగించే కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లను జనవరి చలిలో ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి, వాళ్ళకి కోట్లు కొనిపెట్టి, రూము దొరికేదాకా ఇంట్లో పెట్టుకునే మనిషి. అలాంటి మనిషికి ఎదురు చెప్పడం కష్టం. ఆయన అన్న ప్రతిదానికీ అందరూ తలూపడం నాకు అందుకే నచ్చదు.

ఈ ఖండంలో ఆయనకు తోడబుట్టినది ఒక్కతే, చెల్లెలు సూర్యకుమారి. సరిహద్దు అవతల నార్త్ డకోటాలో, మైనాట్ దగ్గర హైవే పక్కన ఆమె, భర్త వీర్రాజు కలిసి ఓ చిన్న మోటల్ నడుపుతారు. ఏటా మే నెల లాంగ్ వీకెండ్‌కి మా ఊరి తెలుగువాళ్ళం బారులు తీరి కార్లలో మినెసోటా గుడికి వెళ్తాం. పోతూ ఒక రాత్రి, వస్తూ ఒక రాత్రి ఆ మోటల్లోనే. ఆ రెండు రోజులూ సూర్యకుమారి ఒక గది ఖాళీచేసి వంటగదిగా మార్చేస్తుంది. పొద్దున్నే కారిడార్ అంతా పెసరట్ల వాసన. మా పక్క ఊరు రిజైనా నుంచి షాపింగుకు వచ్చే తెల్లవాళ్ళు కూడా ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడతారు. ఆమెకు బతుకుతెరువు ఆ మోటలే. దాన్ని నిలబెట్టింది ముప్పాతిక వంతు మన రాష్ట్రం సస్కచెవాన్ కార్లే.

సూర్యకుమారి నాకూ స్నేహితురాలే. ఆవిడ చెప్పబట్టే నాకు అంతకుముందు క్రిస్మస్ సెలవుల సంగతి తెలిసింది. శేషగిరి గారు అక్కడికి వెళ్ళారు. భోజనాల దగ్గర వీర్రాజు నోరు జారాడు.

"మీ కెనడా మాలో కలిసిపోతే ఓ పనైపోతుంది కదా బావగారూ," అన్నాడట. "బోర్డర్ దగ్గర వెయిటింగ్ ఉండదు."

శేషగిరి గారు అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, మంచులో కారేసుకుని తిరిగొచ్చేశారు. కాబట్టి ఉగాది నాడు ఆయన దేశం గురించి మాట్లాడుతుంటే నాకు ఆ సగం తిన్న విస్తరే కనబడింది. వీర్రాజు మీద కోపానికి జెండా కప్పి మా అందరి చేతా మోయిస్తున్నారని అనుమానం వచ్చింది.

ఏవి మానాలన్న దగ్గర హాల్లో సణుగుడు మొదలైంది. ఫోన్ల సంగతేమిటని నేనే అడిగాను. ఫోన్లు వేరన్నారు. అమెరికా కంపెనీలకు పనిచేసేవాళ్ళు ఉద్యోగాలు వేరన్నారు. అక్కడున్న బంధువుల పెళ్ళిళ్ళు వేరే, పిల్లలు చూసే సినిమాలు వేరే. అన్నీ వేరైపోయాక మధ్యలో రాధిక లేచింది. రాధిక ఇక్కడే చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయి, ఒకప్పుడు శేషగిరి గారింట్లో దిగిన స్టూడెంటే.

"మరి మే ట్రిప్పో అంకుల్?"

"క్యాన్సిల్," అన్నారు శేషగిరి గారు.

"అంటే సూర్యకుమారి ఆంటీ మోటల్ కూడానా? ఆంటీ మనవాళ్ళే కదా."

"ఆవిడ అక్కడి సిటిజన్ కదా," అన్నారు వెనక నుంచి ఎవరో.

శేషగిరి గారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "సిటిజనే. రూలంటే అందరికీ ఒకటే ఉండాలి. నా చెల్లెలని మినహాయిస్తే రేపు మీ మొహం చూడలేను."

హాలు దద్దరిల్లేట్టు చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి? ఎవరి వంటింట్లోనూ ఏమీ తగ్గకుండా, ఇంకొకరి చెల్లెలితో పని జరిగిపోయింది.

వారం తిరక్కుండా గోంగూర పచ్చడి సీసా పట్టుకుని ఆయనింటికి వెళ్ళాను. పచ్చడి వంక, ఫ్రిజ్ చూడాలని నా ఉద్దేశం. మంచినీళ్ళు తీసుకుంటానని నేనే తలుపు తెరిచాను. అమెరికాది ఒక్కటీ లేదు. పొద్దున్నే తినే కాలిఫోర్నియా బాదం డబ్బా ఖాళీగా ఉంది. నారింజ రసం పోయి యాపిల్ రసం వచ్చింది. టొమాటో డబ్బా అడుగున ఉన్న అక్షరాలను ఆయన భూతద్దంతో చదువుతున్నారు.

"దొంగతనం పట్టుకుందామని వచ్చారా చంద్రిక గారూ?" అన్నారు నవ్వుతూ.

"వచ్చాను. దొరకలేదు," అన్నాను. నిజంగా నిరాశపడ్డాను.

"వీర్రాజు మీద కోపంతో చేస్తున్నాననుకుంటున్నారు మీరు. కోపం ఉంది, లేదనను. కానీ వాడొక్కడితో పోయేది కాదిది. వాడిలాంటి వాళ్ళు మనం చెప్తే వినరు. వ్యాపారం తగ్గితే ఆలోచనలో పడతారు. ఇంకేం దారుంది మనకి?"

"మరి సూర్యకుమారో?"

"నాలుగు నెలలు ఇబ్బంది పడుతుంది. అది నా చెల్లెలు, అర్థం చేసుకుంటుంది."

ఆయన మాట నమ్మాను. నాకు కడుపు మండింది మాత్రం మిగతావాళ్ళ మీద. మే లాంగ్ వీకెండ్‌కి మా వీధుల్లో కార్లన్నీ బుద్ధిగా ఇళ్ళ ముందే ఉన్నాయి. కానీ వేసవిలో ఒక్కో కుటుంబం వారం పదిరోజులు కిక్కురుమనకుండా మాయమయ్యేది. మధ్యాహ్నం తిన్న సాంబారును కూడా గ్రూపులో ఫొటో పెట్టే మనుషులు. పదిరోజులు ఫొటో లేదంటే ఎక్కడున్నట్టు? వాంకూవర్ దాకా ఫ్లైటు, అక్కడి నుంచి సియాటెల్‌లో అన్నగారిల్లు. ఒకావిడ తిరిగొచ్చాక మెడలో కొత్త గొలుసుతో కనబడి, పాతదేనంది. విమానంలో వెళ్తే ఎవరూ చూడరు. సూర్యకుమారి దగ్గరికి కార్లలో బారుగా వెళ్తే ఊరంతా చూస్తుంది. అందుకే అందరూ అక్కడికి వెళ్ళడం ఒక్కటే నిక్కచ్చిగా మానేశారు.

జూలైలో సూర్యకుమారికి ఫోన్ చేశాను. బావున్నామంది. ఎండలు బాగా ఉన్నాయంది. నాకు ఆ మాటల్లో కన్నా వెనక నిశ్శబ్దంలో ఏదో తేడా వినబడింది. ఎప్పుడు ఫోన్ చేసినా వెనకాల దుప్పట్లు ఉతికే మిషన్లు రొద పెడుతుండేవి. అవి ఆగిపోయాయి. అడిగితే రిపేరుకిచ్చామంది. నేను నమ్మలేదు.

సెప్టెంబరులో శేషగిరి గారే ఫోన్ చేశారు. రోడ్డు మీద సరిహద్దు దాటే కెనడావాళ్ళు బాగా తగ్గిపోయారని పేపర్లో చదివారట.

"పనిచేస్తోంది చంద్రిక గారూ."

"ఎవరి మీద?" అన్నాను. "సూర్యకుమారితో మాట్లాడుతున్నారా?"

"ప్రతి ఆదివారం మాట్లాడతాను. తనేమీ అనలేదు."

"అనలేదంటే ఏమీ లేదనా?"

ఆయన మాట మార్చారు. ఆ రాత్రి రవిశంకర్ నన్ను తిట్టారు, పెద్దాయన్ని అలా నిలదీస్తావా అని. నిలదీయక ఏం చెయ్యను? తను చేసే పని ఎవరికి తగులుతోందో ఆయన చూడటం లేదు. చూసే ధైర్యం లేదని నా అనుమానం.

దీపావళికి సూర్యకుమారి వచ్చింది. ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది. వీర్రాజు రాలేదు. శేషగిరి గారు నన్నూ రవిశంకర్‌నీ భోజనానికి పిలిచారు. సూర్యకుమారిని చూసి ముందు పోల్చుకోలేకపోయాను. మనిషి సగమైంది. మునివేళ్ళు పగిలి ఎర్రగా ఉన్నాయి. అన్నం కలుపుకుంటే మంట పుడుతుందని స్పూను అడిగింది.

"అవేంటమ్మా చేతులు?" అన్నారు శేషగిరి గారు.

"బ్లీచ్ అన్నయ్యా. గదులు నేనే కడుగుతున్నా. పనమ్మాయిలిద్దర్నీ మాన్పించేశాం. పైఅంతస్తు మూసేశాం. దుప్పట్లు ఇంట్లో చిన్న మిషన్లో వేసుకుంటే సరిపోతున్నాయి."

శేషగిరి గారు కంచం పక్కకు జరిపారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. మోకాళ్ళెలా ఉన్నాయని అడిగావు. ఎండలెలా ఉన్నాయని అడిగావు. మోటలెలా ఉందని ఒక్క ఆదివారం కూడా అడగలేదు."

అది దెప్పుతున్నట్టు అనలేదు. పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను ఆయన్ని అన్ని నెలలుగా అనుమానించాను గానీ, ఆ నిమిషంలో జాలేసింది. చివరికి మనసులో ఇన్నాళ్ళూ దాచుకున్నది అడిగేశారు.

"వీర్రాజు ఏమంటున్నాడు? ఏమైనా మారాడా?"

"మారాడు. అప్పుడు వేళాకోళమాడేవాడు. ఇప్పుడు మీవాళ్ళెవరి పేరెత్తినా బయటికి వెళ్ళిపోతున్నాడు. కెనడావాళ్ళంతా పగవాళ్ళే అంటున్నాడు."

"వాడు కాకపోతే ఇంకొకడు మారతాడమ్మా. అక్కడా ఆలోచించేవాళ్ళు ఉంటారు."

"ఉంటారు," అంది సూర్యకుమారి. "నీకో సంగతి తెలీదు. పోయినేడు ఎలక్షన్లో నేను ఆయన చెప్పిన పార్టీకి, అదే ఈ సుంకాలు వేసిన పార్టీకి, వెయ్యలేదు. ఆయనకి ఇప్పటికీ తెలీదు. ఇద్దరం ఒకే కార్లో వెళ్ళాం. లోపలికెళ్ళాక మీరందరూ గుర్తొచ్చారు. రెండో వైపు వేసేశాను."

శేషగిరి గారి మొహం ఒక్కసారిగా వెలిగింది. చెల్లెలి భుజం మీద చెయ్యి వేశారు.

"వచ్చే ఏడాది మళ్ళీ ఎలక్షన్లున్నాయి అన్నయ్యా. ఈసారి ఆయన చెప్పినవాళ్ళకే వేస్తాను."

కోపంలో అన్న మాటేమోనని నేను ఆమె మొహంలోకి పట్టి చూశాను. కోపం లేదు.