పిడికెడు అనపగింజలు

మా అత్త చేతిని పొట్లం మీద అచ్చేసి అమ్మకానికి పెట్టారు. ఉన్నమాటే చెబుతున్నాను. ప్లాస్టిక్ పొట్లం, దాని మీద ఆమె అరచెయ్యి, అందులో అనపగింజలు, కింద "బామ్మగారి నాటు అనప" అని పెద్ద అక్షరాలు. ఆ ఫోటో తీసింది నేను. మా మిద్దె మీద, మా కుండీల పక్కన. అడగలేదు, చెప్పలేదు. సిగ్గూ ఎగ్గూ ఉన్నవాళ్ళు చేసే పనేనా అది?

ఆ ఫోటోను నేను మిద్దెతోటల గ్రూపులో పెట్టాను. ఏండ్ల తరబడి అందులో ఉన్నాను. పెళ్ళయి అనంతపురం నుంచి వచ్చిన నాకు బెంగళూరులో స్నేహితులంటూ దొరికింది అక్కడే. మేముండేది బొమ్మసంద్ర దగ్గర అపార్ట్‌మెంటులో. మా అత్త పుట్టింది చందాపుర పక్క పల్లెలో. ఆ అనప ఆమె పుట్టింటి గింజ. ఆ పొలాలన్నీ ఇప్పుడు లేఅవుట్లయిపోయాయి, అక్కడ అనప వేసే మనిషే లేడు. మా మిద్దె మీది కుండీల్లో పోతే ఆ గింజ ఇక లేనట్టే.

మిద్దెతోటల వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. గింజకు డబ్బు తీసుకోరు. పిడికెడు తీసుకున్నవాళ్ళు తమ పంట రాగానే పిడికెడు తెచ్చి ఇవ్వాలి. ఇచ్చినవాళ్ళ పంట ఎప్పుడైనా పోతే అదే ఆసరా. అనప కోసం ఎంతమంది మా గేటు దగ్గరికి వచ్చారో! కవర్లో వేసి సెక్యూరిటీ దగ్గర పెడతానంటే మా అత్త ఒప్పుకునేది కాదు. కిందికి దిగి వచ్చి తన చేత్తోనే ఇచ్చేది.

ఒక ఏడాది కాయలు ఎండకముందే అసోసియేషన్ వాళ్ళు మిద్దెకు నీళ్ళు దిగకుండా పూత వేయిస్తామని వచ్చి పందిరంతా పీకి పారేశారు. డబ్బాలో దాచిన గింజలు తీసి చూస్తే అన్నీ పుచ్చులే. అత్త ఆ డబ్బా పట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది. "దిగులు పడకండి, గ్రూపులో అడుగుతాను, ఎంతమందికి ఇవ్వలేదు మనం" అని ధైర్యం చెప్పాను.

అడిగాను. నా పోస్టు కనిపించనే లేదు. గ్రూపు నడిపే పెద్దమనిషి విడిగా రాశాడు. ఇకమీదట గింజలు ఊరికే ఇచ్చిపుచ్చుకోవడం లేదట. నాణ్యత కోసం అన్నీ తమ ఆన్‌లైన్ అంగడిలోనే కొనుక్కోవాలట. లింకు నొక్కితే మా అత్త చెయ్యి!

ఏం చేస్తాం, గింజ కావాలి. తిట్టుకుంటూనే తెప్పించాను. ఎండాకాలంలో వేస్తే ఎండాకాలంలోనే పూసి కూర్చుంది. అత్త ఆ పూతను చూసి మొహం చిట్లించింది. "మంచు పడకుండానే పూసేది అనప ఎట్లయితాది?" కాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకుని కింద పడేసింది. "సొగడే లేదు దీంట్లో." సొగడంటే అనపకాయ వాసన. కోసిన చేతులకు జిగురులా అంటుకుని, కడిగినా వదలదు. మా అత్త చేతి బొమ్మ పెట్టి, లోపల ఎవరిదో హైబ్రిడ్ గింజ పోసి అమ్ముతున్నారన్నమాట. ఉన్న సంగతి గ్రూపులో రాశాను. కాఫీ తాగి వచ్చేలోపు నన్ను గెంటేశారు. అన్నేండ్ల ఫోటోలు, మాటలు, స్నేహాలు, అన్నీ ఒక్క నొక్కుతో పోయాయి. ఇదేమన్నా వాళ్ళ తాత కట్టించిన సత్రమా?

మా ఆయన అప్పటికే ఒక కొత్త ఫోరంలో చేరి పాత రేడియోల వాళ్ళతో కాలక్షేపం చేస్తున్నాడు. నా సణుగుడు భరించలేక నాకూ ఒక ఖాతా తెరిచిచ్చాడు. అక్కడా తిప్పలే. నియమాలు చదవాలట, పరిచయం రాసుకోవాలట, అప్పటిదాకా నోరు తెరవకూడదట. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు. విసుక్కుంటూనే అటూ ఇటూ తిరిగి చూశాను. వాన పడితే మిద్దె మీద గిన్నె పెట్టి కొలిచేవాళ్ళు ఒక గుంపు. ఇంకు పెన్నుల పాళీలు సానపట్టేవాళ్ళు ఇంకో గుంపు. ఇనప పెనాల వాళ్ళయితే ఒక్క పెనం మీద వారం పాటు మాట్లాడుకుంటారు. పనీపాటా లేని జనం అనుకున్నాను. మర్నాడు నేనే వెళ్ళి మా దోసె ఎందుకు అంటుకుంటోందని వాళ్ళను అడిగాను.

తోటల గుంపులో నా పరిచయం రాస్తూ అక్కసంతా కక్కేశాను. అనప సంగతి, పొట్లం సంగతి, గెంటివేత, ఏదీ దాచలేదు. దాని కింద బళేపేటలో గాజుల అంగడి ఉన్న ఒకాయన రాశాడు: "అక్కా, ఆ గింజ నా కాడ ఉండాది. మీ గేటు కాడ అవ్వ చేత్తో ఇచ్చింది. తిరిగి ఇస్తామని ఆ గ్రూపులో మీ నంబరు అడిగితే, మా అంగడిలో కొనుక్కో పో అనిరి."

వింటున్నారా? గింజ తిరిగి ఇస్తానన్నవాడికే గింజ అమ్మజూపారు!

ఆదివారం ఆయన మెట్రోలో వచ్చాడు. అత్త గేటు దాకా దిగింది.

"ఏమప్పా, ఇంత దూరం దీనికే వస్తివా?"

"తీసుకున్నది ఇయ్యల్ల గదా అవ్వా."

రెండు పిడికిళ్ళు ఇచ్చాడు. అయినా అత్తకు నమ్మకం కుదరలేదు. ఆషాఢంలో వేశాం. తీగ పందిరంతా పాకింది గానీ పూత లేదు. మంచు దిగాకే పూసింది. మొదటి కాయలు కోసిన పొద్దున అత్త రెండు చేతులూ ముక్కుకు ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. "మా అమ్మ చేతులు ఇట్లే ఉంటా ఉండె" అంది. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కొంత, మిగిలినదంతా కోపం. ఆ గాజులాయన కనబడకపోయుంటే ఈమెకు ఈ వాసన మళ్ళీ ఎవరు తెచ్చిచ్చేవాళ్ళు?

పంట ఫోటో కొత్త ఫోరంలో పెట్టాను. నాలుగు రోజులకు ఒక సందేశం వచ్చింది. ఎవరనుకున్నారు? పాత గ్రూపు పెద్దమనిషే! "మేడమ్, జరిగింది మనసులో పెట్టుకోకండి. మా పొట్లాలు కొన్నవాళ్ళు కాయకు వాసన లేదని గొడవ చేస్తున్నారు. మన సంప్రదాయం ప్రకారం ఒక పిడికెడు అసలు గింజ పంపండి."

సంప్రదాయమట! ఆ మాట ఆ నోట! నేను రాసిన జవాబు ఇక్కడ రాయదగింది కాదు. పంపేముందు మా ఆయనకూ అత్తకూ చదివి వినిపించాను. మా ఆయన బ్లాక్ చేయమన్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది.

"అడిగినోళ్ళకు నేను ఎప్పుడూ లేదనలేదమ్మా. ఇద్దాం."

"అత్తా, వాడికా!"

"ఇద్దాం. పితికి ఇద్దాం."

అనపగింజలను నానబెట్టి, వేళ్ళ మధ్య నొక్కి తోలు ఊడదీయడమే పితకడం. ఆ పప్పుతో పులుసు పెడితే ఇంకేమీ అక్కర్లేదు. మొలకకు మాత్రం ఎందుకూ కొరగాదు. ఇద్దరం కూర్చుని పిడికెడు గింజలూ పితికాం. అత్త వాటిని శ్రద్ధగా ఎండబెట్టి, డబ్బాలో పోసి, మూత బిగించి ఇచ్చింది. నేను కొరియర్ చేశాను.

వారానికి జవాబు వచ్చింది. "మేడమ్, గింజలు అందాయి, చాలా తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఎంత లోతున నాటమంటారు?"

ఏండ్ల తరబడి మిద్దెతోటల గ్రూపు నడిపిన మనిషి! ఆ ప్రశ్న ఫోరంలో, తోటల గుంపులో, అందరి ముందూ అడగమన్నాను. ఇంకా అడగలేదు.